ఢీకొన్నాక ఆ శక్తి ఎక్కడికి పోయింది? – సి.వి. రామన్ జీవితం

ఫిబ్రవరి 28 వచ్చిందంటే ఏ కాలేజీలో చూసినా జాతీయ సైన్స్ దినోత్సవం పోస్టర్లే. తలపాగా, కోటు, ఆ చురుకైన కళ్ళు. కింద పెద్ద అక్షరాల్లో రామన్ ఎఫెక్ట్. సరే, రామన్ ఎఫెక్ట్ అంటే ఏంటి అని ఎవర్నైనా అడిగి చూడండి. పదిమందిలో ఎనిమిది మంది సముద్రం నీలంగా ఎందుకుంటుందో కనిపెట్టడమే అంటారు. అది తప్పు. సముద్రం రంగు మీద ఆయన పనిచేసిన మాట నిజమే గానీ, నోబెల్ తెచ్చింది వేరే పని. దాన్ని ఒక్క ముక్కలో చెప్పాలంటే, కాంతి ఒక అణువును ఢీకొని, కొంచెం శక్తి పోగొట్టుకుని బయటికి రావడం. అంటే మనం ఇంటర్ ఫస్టియర్లో బట్టీ కొట్టిన అస్థితిస్థాపక అభిఘాతమే!

రామన్ జీవితం చదువుతుంటే నన్ను పట్టుకున్న విషయం ఇంకొకటుంది. కాంతి సంగతి తేల్చడానికి పదేళ్ళ ముందే ఆయన గుండ్లు ఢీకొట్టించి, పోయిన శక్తి లెక్క కట్టారు. ఈ సంగతి పోస్టర్లలో ఉండదు, మన పాఠ్యపుస్తకాల్లోనూ కనబడలేదు. అందుకే ఈ వ్యాసంలో ఆయన కథను ఆ దారిలోంచి చెప్తాను.

విశాఖ అబ్బాయి

చంద్రశేఖర వెంకట రామన్ 1888 నవంబర్ 7న తిరుచిరాపల్లి దగ్గర తిరువానైక్కావల్‌లో పుట్టారు. ఎనిమిది మంది పిల్లల్లో రెండోవారు. తల్లి పార్వతి అమ్మాళ్, తండ్రి చంద్రశేఖర అయ్యర్. రామన్‌కు నాలుగేళ్ళప్పుడు తండ్రికి విశాఖపట్నం ఏ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. అట్లా ఆ కుటుంబం తెలుగు నేల మీదికి వచ్చింది. రామన్ బడి చదువు అక్కడే సెయింట్ అలోషియస్‌లో సాగింది. పదకొండేళ్ళకే మెట్రిక్ పాసయ్యారు. తర్వాత తండ్రి పనిచేసే ఏ.వి.ఎన్. కాలేజీలోనే ఎఫ్.ఏ., అంటే ఇప్పటి మన ఇంటర్.

ఇంట్లో రెండు విషయాలకు కొదవ లేదు. ఒకటి భౌతికశాస్త్రం పుస్తకాలు, రెండోది సంగీతం. తండ్రి వయొలిన్ వాయించేవారు. తీగ మోగితే స్వరం ఎందుకు పుడుతుంది అనే ప్రశ్న ఆ ఇంట్లోనే మొదలైందనుకోవచ్చు. హెల్మ్‌హోల్ట్జ్ స్వరాల మీద రాసిన పెద్ద పుస్తకం ఆయన మీద గట్టి ముద్ర వేసింది.

విశాఖ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీకి వెళ్ళారు. 1904లో బీఏలో మొదటి ర్యాంకు, భౌతికశాస్త్రంలో బంగారు పతకం. అప్పటికి ఆయనకు పదహారేళ్ళు కూడా నిండలేదు. ఎంఏ చదువుతుండగానే కాంతి వివర్తనం మీద సొంతంగా ప్రయోగం చేసి లండన్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజీన్‌కు పంపితే 1906లో అచ్చయింది. ఇంకా స్టూడెంటే మరి! మన ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టులు తల్చుకుంటే కొంచెం సిగ్గేస్తుంది.

ప్లేస్‌మెంట్ వచ్చేసింది

అంత చదువు చదివినా మన దేశంలో అప్పుడు సైన్స్‌తో బతికే దారి దాదాపు లేదు. ఇంగ్లండు వెళ్దామంటే మద్రాసు సివిల్ సర్జన్ పరీక్ష చేసి, ఈ బక్కపలచటి కుర్రాడు అక్కడి చలికి తట్టుకోలేడని తేల్చేశాడు. దాంతో ఆర్థిక శాఖ పోటీ పరీక్ష రాశారు, మొదటి ర్యాంకు కొట్టారు. 1907లో లోకసుందరితో పెళ్ళయింది. ఆమె వీణ మీద త్యాగరాజ కీర్తన వాయిస్తుంటే విని ఇష్టపడ్డారని చెప్పుకుంటారు. అదే ఏడాది కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. వయసు పద్దెనిమిది. మంచి జీతం, బంగ్లా, హోదా, పెన్షన్. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే డ్రీమ్ ప్యాకేజీ. ఏ ఇంట్లోనైనా కథ అక్కడితో సుఖాంతం అయిపోయేది.

రామన్ కథ అక్కడే మొదలైంది. ఒకరోజు ట్రాములో వెళ్తుంటే బౌబజార్ వీధిలో ఒక బోర్డు కనబడింది: ఇండియన్ అసోసియేషన్ ఫర్ ద కల్టివేషన్ ఆఫ్ సైన్స్. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో చందాలు పోగేసి పెట్టిన సంస్థ. భారతీయులు తమంతట తాము పరిశోధన చేయాలనేది ఆయన కల. రామన్ వచ్చేసరికి భవనం ఉంది, పరికరాలూ కొన్ని ఉన్నాయి, పనిచేసే మనుషులే లేరు. మహేంద్రలాల్ కొడుకు అమృతలాల్ తలుపు తెరిచారు. ఇక పొద్దున్నే ల్యాబు, తర్వాత ఆఫీసు, సాయంత్రం మళ్ళీ ల్యాబు. ఆదివారాలైతే రోజంతా అక్కడే. మధ్యలో రంగూన్, నాగపూర్ బదిలీలు వచ్చినా 1911లో కలకత్తాకు తిరిగొచ్చి అదే పద్ధతి కొనసాగించారు. తోడుగా ఉన్నది ఆశుతోష్ డే అనే సహాయకుడు ఒక్కరే.

ఇట్లా పదేళ్ళు. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయం పాలిత్ ప్రొఫెసర్ పదవి ఇస్తామంది. జీతం మాత్రం ప్రభుత్వోద్యోగంలో వచ్చేదాంట్లో సుమారు సగం. పైగా ఆ పదవికి విదేశాల్లో శిక్షణ పొంది ఉండాలనే నిబంధన ఒకటుంది. దాని కోసం విదేశం వెళ్ళనని రామన్ చెప్పేశారు. విశ్వవిద్యాలయమే దిగొచ్చి నిబంధన సడలించింది. ఆయన ఉద్యోగం వదిలేశారు. ఇంట్లో ఏం చర్చ జరిగిందో ఊహించడానికి నాకైతే ధైర్యం చాలడంలేదు. మన ఇళ్ళల్లో అయితే ఏం జరిగేదో మీకూ తెలుసు.

గుండ్లు ఢీకొన్నప్పుడు

ఆ రోజుల్లో రామన్ ఎక్కువగా పనిచేసింది ధ్వని మీద. వయొలిన్, వీణ, తంబూరా, మృదంగం, తబలా. వాద్యం అన్నాక తట్టడమో, మీటడమో, కొట్టడమో ఉంటుంది కదా. పియానోలో సుత్తి తీగను కొడుతుంది, మృదంగంలో వేలు చర్మాన్ని కొడుతుంది. అంటే ధ్వని వెనకాల అభిఘాతం ఉంది. ఆ దెబ్బలో ఏం జరుగుతుందో తెలియకపోతే ధ్వని సంగతి సగమే తెలిసినట్టు.

ఇక్కడ ఒక్క నిమిషం మన పాఠం గుర్తు చేసుకుందాం. 1000 కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్లతో వచ్చి, అంతే బరువుతో ఆగి ఉన్న మరో కారును గుద్ది, రెండూ ఒకదానికొకటి ఇరుక్కుపోయాయి అనుకోండి. ద్రవ్యవేగం ముందు 20,000 యూనిట్లు. తర్వాత కూడా 20,000 ఉండాల్సిందే కాబట్టి, రెండు కార్లూ కలిసి సెకనుకు 10 మీటర్లతో కదులుతాయి. ఇంతవరకూ బాగుంది. ఇప్పుడు గతిజ శక్తి చూడండి. ముందు 2 లక్షల జౌళ్ళు, తర్వాత 1 లక్ష. సగం మాయం!

ద్రవ్యవేగం దమ్మిడీ తగ్గకుండా ఉండి, గతిజ శక్తి సగం ఎట్లా పోతుంది? ద్రవ్యవేగానికి దిశ ఉంది. ఒక బండి ఎంత పోగొట్టుకుంటే రెండోది అంతే తీసుకుంటుంది, చర్యకు ప్రతిచర్య సమానం కనక. దానికి వేరే రూపం లేదు, మారడానికి దారీ లేదు. శక్తి అట్లా కాదు, అది బహురూపి. ఆ లక్ష జౌళ్ళు రేకు వంగడంలో, అద్దం పగలడంలో, ఢామ్మన్న చప్పుడులో, వేడిలో సర్దుకున్నాయి. ఆ శక్తితో ఒక లీటరు నీళ్ళను 24 డిగ్రీలు వేడిచేయొచ్చు. మన శ్రీసిటీలో ఇసుజు వాళ్ళ బండ్లు తయారవుతాయి కదా, ఏ బండి డిజైనులోనైనా ముందు భాగం నలిగేటట్టు కావాలనే చేస్తారు. రేకు నలిగితే ఆ శక్తి రేకులోకి పోతుంది, లోపలి మనిషి ఎముకల్లోకి పోదు. అస్థితిస్థాపకత అనే పెద్ద మాట వెనకాల ప్రాణం నిలబడేది అక్కడ.

రెండు వస్తువులు గుద్దుకున్నాక విడిపోయే వేగాన్ని, గుద్దుకోకముందు దగ్గరయ్యే వేగంతో భాగిస్తే వచ్చేది ప్రత్యావస్థాన గుణకం. అది 1 అయితే శక్తి ఏమీ పోలేదు. 0 అయితే అతుక్కుపోయాయి. ఒక గుండును మీటరు ఎత్తు నుంచి వదిలితే 81 సెంటీమీటర్లు ఎగిరిందనుకోండి, గుణకం 0.9. మిగతా 19 శాతం శక్తి ఎటో పోయింది.

ఈ గుణకం ప్రతి పదార్థానికీ ఒక స్థిర సంఖ్య అని పుస్తకాల్లో రాసేవాళ్ళు. న్యూటన్ కాలం నుంచీ వస్తున్న పద్ధతి అది. రామన్ 1918లో ఫిజికల్ రివ్యూలో అచ్చయిన పరిశోధనలో చాలా తక్కువ వేగాల దగ్గర, గుండ్లు ఒకదాన్నొకటి మెల్లగా తాకేటప్పుడు ఏం జరుగుతుందో ఫోటోలు తీసి చూశారు. కంటికి అందని చిన్న కదలికలవి. వేగం తగ్గేకొద్దీ గుణకం పెరుగుతూ 1 వైపు వెళ్ళింది. అంటే మెత్తగా తాకితే గుండ్లు దాదాపు పరిపూర్ణ స్థితిస్థాపకంగా ప్రవర్తిస్తాయి. ఎందుకంటే వేగం ఎక్కువైతే తాకిన చోట లోహం నొక్కుకుపోతుంది, ఆ నొక్కు మళ్ళీ లేవదు. వేగం తక్కువైతే నొక్కు పడేంత ఒత్తిడే రాదు. కాబట్టి గుణకం పదార్థం గుణం మాత్రమే కాదు, ఎంత గట్టిగా కొట్టామన్నది కూడా దాంట్లో ఉంది.

అక్కడితో ఆగలేదు. 1920లో ఇంకో పరిశోధనా పత్రం. హెర్ట్జ్ చెప్పిన అభిఘాత సిద్ధాంతాన్ని తీసుకుని, గుండు ఒక పలక మీద పడితే ఏమవుతుందో లెక్క కట్టారు. మందపాటి పలక మీద గుండు బాగా ఎగురుతుంది, పల్చటి పలక మీద తక్కువ. పలక మీద నొక్కు లేదు, గాటు లేదు. మరి శక్తి ఏమైంది? గుండు తాకిన చోటు నుంచి చెరువులో రాయి వేసినట్టు తరంగాలు గుండ్రంగా బయటికి పరుగెత్తాయి. ఆ అలలు తిరిగొచ్చేలోపే గుండు పైకి లేచిపోయింది. అవి పట్టుకుపోయిన శక్తి గుండుకు ఇక దక్కదు. పదార్థం ఎంత మంచి స్థితిస్థాపకమైనా సరే, అభిఘాతం అస్థితిస్థాపకం కావచ్చని దీని అర్థం. శక్తి వస్తువు లోపలి కదలికలోకి, కంపనంలోకి వెళ్ళింది. ఈ మాట కొంచెం గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది. రెండు దశాబ్దాల తర్వాత జీనర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ సమస్యను ముందుకు తీసుకెళ్ళారు. ఇంజనీర్లకు ఈ లెక్కలు నేటికీ పనికొస్తూనే ఉన్నాయి.

ఓడ మీంచి చూసిన నీలం

1921లో ఆక్స్‌ఫర్డ్‌లో విశ్వవిద్యాలయాల మహాసభకు రామన్ వెళ్ళారు. అదే ఆయన మొదటి విదేశీ ప్రయాణం. తిరిగొచ్చేటప్పుడు నర్కుండా అనే ఓడ. మధ్యధరా సముద్రపు ఆ చిక్కటి నీలం చూసి ఆయన కుదురుగా ఉండలేకపోయారు. అది ఆకాశపు ప్రతిబింబమేనని అప్పటి పెద్దల అభిప్రాయం. రామన్ ఓడ మీదే ఒక చిన్న పరికరంతో ఉపరితలపు మెరుపును తప్పించి చూశారు. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని తేల్చి, ఓడ బొంబాయి చేరేసరికే నేచర్ పత్రికకు పంపడానికి రాతలు సిద్ధం చేశారు.

ఇంతవరకూ రామన్ ఎఫెక్ట్ లేదు. ఇక్కడ కాంతి అణువును తాకి దారి మార్చుకుంటుంది అంతే, రంగు మారదు. గోళీ గోడకు తగిలి అదే వేగంతో తిరిగొచ్చినట్టు. అయితే ఈ ప్రయాణం ఆయన్ని వాద్యాల నుంచి కాంతి పరిక్షేపణం వైపు పూర్తిగా తిప్పేసింది. శిష్యులు ఒక్కొక్కరే చేరారు.

1923లో రామనాథన్ నీటిలో కాంతిని పరీక్షిస్తుంటే ఒక బలహీనమైన, రంగు మారిన వెలుగు కనబడింది. నీటిలో ఏదో మలినం మెరుస్తోందేమోనని మళ్ళీ మళ్ళీ శుద్ధిచేశారు. వెలుగు పోలేదు. అదే ఏడాది అమెరికాలో కాంప్టన్ ఎక్స్‌రేలు ఎలక్ట్రాన్లను ఢీకొని శక్తి కోల్పోతున్నాయని చూపించారు. కాంతిని ఒక గుండులాగా, ఎలక్ట్రాన్‌ను ఇంకో గుండులాగా భావించి, ద్రవ్యవేగ నిత్యత్వం, శక్తి నిత్యత్వం రెండూ రాస్తే లెక్క సరిగ్గా సరిపోయింది. మన ఇంటర్ లెక్కే! దాని మీద పెద్ద వాదనలు నడిచాయి. 1924లో టొరంటోలో కాంప్టన్‌కు, ఆయన ప్రత్యర్థి డ్యూయన్‌కు జరిగిన చర్చ రామన్ కళ్ళముందే జరిగింది. అదే ఏడాది ఆయన రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

1928

1927 చివర్లో కాంప్టన్‌కు నోబెల్ వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే వెంకటేశ్వరన్ అనే శిష్యుడు, శుద్ధమైన గ్లిజరిన్‌లోంచి నీలం రావాల్సిన చోట పచ్చటి వెలుగు రావడం చూశాడు. ఆయన పగలు ప్రభుత్వ ఉద్యోగం, తీరిక వేళల్లో ల్యాబు. ఒకప్పటి రామన్ లాగానే. పూర్తికాలం కుదిరే మనిషి కావాలి కాబట్టి, రామన్ తన మరో శిష్యుడు కె.ఎస్. కృష్ణన్‌ను సిద్ధాంతం పని పక్కనపెట్టి ఈ ప్రయోగంలోకి దిగమన్నారు.

పరికరాలు వింటే ఇంతేనా అనిపిస్తుంది. సూర్యకాంతిని కేంద్రీకరించే ఒక టెలిస్కోపు కటకం, రంగు గాజు ఫిల్టర్లు, ద్రవం పోసిన గాజు బల్బు, ఇక రెండు కళ్ళు. ఊదానీలం మాత్రమే పోనిచ్చే ఫిల్టరు ముందు పెడతారు. ఆ రంగును పూర్తిగా ఆపే ఇంకో ఫిల్టరు కంటి ముందు పెడతారు. కాంతి రంగు మారకపోతే చీకటే కనబడాలి. కానీ వెలుగు కనబడింది. ఒక ద్రవంలో కాదు, దాదాపు 60 ద్రవాల్లో చూశారు. అన్నిట్లోనూ ఉంది. ఫిబ్రవరి 28న స్పెక్ట్రోస్కోప్ పెట్టి చూస్తే మారిన రంగు వేరుగా, స్పష్టంగా విడిపోయి కనబడింది. మర్నాడే పత్రికలకు చెప్పారు. మార్చి 16న బెంగళూరులో ఉపన్యాసం, మార్చి 31న రామన్, కృష్ణన్ పేర్లతో నేచర్‌లో లేఖ.

ఇందాక గుర్తుంచుకోమన్నాను కదా. పల్చటి పలక మీద పడిన గుండు, తన శక్తిలో కొంత పలక కంపనాలకు ఇచ్చి తక్కువ ఎత్తుకు ఎగిరింది. ఇక్కడ కాంతి కణం అణువును ఢీకొని, తన శక్తిలో కొంత అణువు లోపలి కంపనాలకు ఇచ్చి తక్కువ శక్తితో బయటికి వచ్చింది. కాంతికి శక్తి తగ్గడమంటే తరంగదైర్ఘ్యం పెరగడం, అంటే రంగు ఎరుపు వైపు జరగడం.

ఒక ఉదాహరణ. పాదరసం దీపంలోంచి 435.8 నానోమీటర్ల నీలిరేఖ వస్తుంది. దాన్ని బెంజీన్ మీద వేస్తే, బెంజీన్ వలయం ఊపిరి పీల్చి వదిలినట్టు ఉబ్బి తగ్గే కంపనం ఒకటుంది, అది తన వాటా తీసుకుంటుంది. బయటికి వచ్చే కాంతి దాదాపు 456 నానోమీటర్ల దగ్గర కనబడుతుంది. కణం పోగొట్టుకున్నది తన శక్తిలో 4 శాతం పైచిలుకు.

మరి ద్రవ్యవేగం? అది ఇక్కడా చెక్కుచెదరదు. కాంతి కణం దిశ మారితే ఆ తేడాను అణువు తీసుకుని రవ్వంత వెనక్కి జరుగుతుంది. అణువు బరువైంది కాబట్టి ఆ జరగడంలో పోయే శక్తి లెక్కలోకి రానంత తక్కువ. కాంప్టన్ విషయంలో ఎలక్ట్రాన్ తేలిక, పైగా దానికి లోపల ఊగడానికి ఏమీ లేదు, తీసుకున్న శక్తంతా పరుగులోనే చూపిస్తుంది. అణువు అట్లా కాదు, గుడి గంట లాంటిది. గంటను కొడితే అది జరిగేది ఎంత, మోగేది ఎంత! పోయిన శక్తి ఆ మోతలో ఉంది. ఇంకో చిత్రం, ముందే మోగుతున్న అణువును ఢీకొంటే కాంతి ఎదురు లాభం కూడా పొందుతుంది, ఎక్కువ శక్తితో బయటికొస్తుంది. అవి కొన్నే ఉంటాయి గనక ఆ రేఖలు మసకగా ఉంటాయి. ఎన్ని ఉంటాయన్నది ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది.

గుండుకు, అణువుకు ఒక ముఖ్యమైన తేడా ఉంది. పలక ఎంత శక్తినైనా తీసుకుంటుంది. అణువు మాత్రం నిర్ణీత మోతాదుల్లోనే తీసుకుంటుంది. ఏ అణువు మోతాదు దానిదే, మన వేలిముద్రల్లాగా. కాబట్టి పోయిన శక్తి ఎంతో కొలిస్తే ఎదురుగా ఉన్నది ఏ పదార్థమో చెప్పేయొచ్చు. మాత్రలో అసలు మందుందా, రాయి వజ్రమా గాజా అన్నది దాన్ని పగలగొట్టకుండా తేల్చొచ్చు. 1960లో లేజర్ వచ్చాక ఇది ఇంకా తేలికైంది. ఇప్పుడు అంగారకుడి మీద తిరుగుతున్న పర్సివరెన్స్ రోవర్ కూడా రామన్ పరికరాలు మోసుకెళ్ళింది. 

గుండ్ల పని వల్లే కాంతి పని తట్టిందని రామన్ ఎక్కడా రాసినట్టు నేను చూడలేదు, కాబట్టి అట్లా అననూ అనను. నాకు కనబడిందల్లా ఒకే రకం ప్రశ్న. లెక్కలో కొంత తగ్గింది, అది ఎవరి దగ్గర ఉంది? అకౌంట్స్ ఆఫీసులో పదేళ్ళు పనిచేసిన మనిషి మరి!

కీర్తి, దాని నీడ

రామన్ 1930 డిసెంబర్ 10న నోబెల్ అందుకున్నారు. ప్రకటన రాకముందే స్వీడన్‌కు ఓడ టిక్కెట్లు కొనుక్కున్నారన్నది అందరికీ తెలిసిన కథే. అంత నమ్మకం ఆయనది. సైన్స్‌లో నోబెల్ ఆసియాకు రావడం అదే మొదలు.

ఈ కథలో ఇద్దరిని మర్చిపోకూడదు. మాస్కోలో లాండ్స్‌బర్గ్, మండెల్‌స్టామ్ అదే రోజుల్లో క్వార్ట్జ్ స్ఫటికంలో ఇదే చూశారు, అచ్చువేయడంలో వెనకబడ్డారు. ఇక రోజుల తరబడి చీకట్లో కళ్ళు పెట్టుకుని కూర్చున్న కృష్ణన్‌కు బహుమతిలో వాటా రాలేదు. ఆయన తర్వాత సొంత పనితో గొప్ప శాస్త్రవేత్త అయ్యారు, జాతీయ భౌతిక ప్రయోగశాలకు మొదటి డైరెక్టర్ అయ్యారు. అయినా ఫిబ్రవరి 28 పోస్టర్ మీద ఆయన పేరు కూడా ఉండాల్సిందని నా అభిప్రాయం.

మన తెలుగువాళ్ళకు గర్వంగా చెప్పుకోవాల్సిన పేరు సూరి భగవంతం. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టి, నిజాం కాలేజీలో చదివి, 1928లోనే కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర చేరారు. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి కాంతి కణానికి స్పిన్ ఉందని ప్రయోగంతో చూపించారు. శక్తి, ద్రవ్యవేగం అయ్యాక మూడో నిత్యత్వం కోణీయ ద్రవ్యవేగం కదా, కాంతి దాన్ని కూడా మోస్తుందన్నమాట. తర్వాత భగవంతం వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, కాంతి పరిక్షేపణం మీద, వెంకటరాయుడుతో కలిసి గ్రూపు సిద్ధాంతం మీద పుస్తకాలు రాశారు. వాటిని ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. ఆ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిన తొలి వైస్ ఛాన్సలర్ మన చిత్తూరు కట్టమంచి రామలింగారెడ్డి, ఆయన తర్వాత వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుపతిలో బడి చదువు చదివినవారు. రామన్ చిన్నప్పుడు తిరిగిన విశాఖకు ఆయన విద్య శిష్యుడి రూపంలో తిరిగొచ్చింది.

బెంగళూరు

1933లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు మొదటి భారతీయ డైరెక్టరుగా వెళ్ళారు. 1934లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ స్థాపించారు. భౌతికశాస్త్ర విభాగం పెట్టారు, నాజీల వల్ల ఉద్యోగం పోయిన మాక్స్ బోర్న్‌ను పిలిపించారు. కానీ పరిపాలనలో ఆయనది ఒంటెత్తు పోకడ. అందరితో గొడవలు వచ్చాయి, 1937లో డైరెక్టర్ పదవి వదలాల్సి వచ్చింది. ప్రొఫెసర్‌గా 1948 దాకా కొనసాగారు. స్ఫటికాల కంపనాల విషయంలో బోర్న్ సిద్ధాంతంతో ఏళ్ళ తరబడి పోరాడారు. కాలం బోర్న్ వైపే తీర్పు చెప్పింది. రామన్ మాత్రం తన మాట వెనక్కి తీసుకోలేదు.

ఇంకొకటి కూడా రాయాలి, దాస్తే బాగుండదు. 1933లో కమలా సొహోనీ అనే అమ్మాయి యూనివర్సిటీలో మొదటి స్థానంలో పాసై పరిశోధనకు వస్తే, అమ్మాయని చెప్పి రామన్ చేర్చుకోనన్నారు. ఆమె వెనక్కి వెళ్ళలేదు, పట్టుబట్టింది. చివరికి షరతులతో చేర్చుకున్నారు. ఆమె పని చూశాక అమ్మాయిలకు తలుపు తెరిచారు. తర్వాత ఆయన ల్యాబులోనే వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి పనిచేశారు. ప్రకృతి ముందు అంత నిష్పక్షపాతంగా ఉన్న కళ్ళు మనుషుల విషయంలో మసకబారాయి. గొప్పవాళ్ళ జీవితం చదివితే ఇది కూడా కలిపే చదవాలి.

1948లో సొంత సంస్థ, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్. అక్కడ వజ్రాలు, పువ్వుల రంగులు, కన్ను రంగును ఎట్లా గుర్తిస్తుంది, ఇవన్నీ చూస్తూ గడిపారు. 1954లో భారతరత్న వచ్చింది. 1968లో రాయల్ సొసైటీ సభ్యత్వాన్ని వదిలేశారు. 1970 నవంబర్ 21న తన సంస్థలోనే కన్నుమూశారు. ఆ తోటలోనే దహనం చేశారు. సమాధి కట్టలేదు, ఒక చెట్టు నాటారు.

మిత్రులారా, రామన్ పని ఎట్లా ఉంటుందో కొంచెం రుచి చూడాలనుందా? ఒక స్టీలు బేరింగు గుండు తీసుకోండి. ఒకసారి మందపాటి గ్రానైటు బండ మీద, ఒకసారి హాస్టల్ మెస్సు ప్లేటు మీద మీటరు ఎత్తు నుంచి వదలండి. పక్కన స్కేలు నిలబెట్టి ఫోనులో స్లో మోషన్ తీయండి. ఎగిరిన ఎత్తును వదిలిన ఎత్తుతో భాగించి వర్గమూలం కడితే ప్రత్యావస్థాన గుణకం వస్తుంది. 64 సెంటీమీటర్లు ఎగిరితే 0.8. తర్వాత ఎత్తు తగ్గిస్తూ పోయి గుణకం ఎటు నడుస్తుందో రాసుకోండి. ప్లేటు మీద వదిలినప్పుడు వచ్చే ఖంగుమన్న మోతను మాత్రం శ్రద్ధగా వినండి. తగ్గిన శక్తిలో కొంత అందులో ఉంది.